రోడ్డు పట్టుకున్న గుండిగ

మా ఇంట్లో ఒక ఇత్తడి గుండిగ ఉంది. ఓ చిన్నపాటి పెళ్లికి సరిపడా అన్నం ఉడికేంత కడుపు, వెడల్పాటి మూతి, బయటికి తిరిగిన అంచు. పెళ్లయి జనగామ వచ్చిన కొత్తలో అటక మీద దాన్ని చూసి, నీళ్లు నింపుకోవడానికా అని అడిగాను. మా అత్త నన్ను కిందికీ మీదికీ చూసి, "నీళ్లకు బిందెలున్నయి. అది మా అవ్వది," అన్నది. ఆ ఇంట్లో నాకంటే ఆ గుండిగదే పెద్దరికమని ఆ పూటే తెలిసిపోయింది. దానికి కింద కుదురు, మీద మూత, మూత మీద ఉతికిన ధోవతి గుడ్డ. నాకు మాత్రం చాలా రోజులు చీర తగిలించుకోవడానికి కొక్కెం కూడా ఖాళీ దొరకలేదు.

మా అత్తది మహబూబాబాద్ పక్కన కురవి. తల్లి పోయాక పుట్టింటి నుంచి తెచ్చుకున్నది ఆ గుండిగ ఒక్కటే. ఏటా వీరభద్రస్వామి జాతరకు దాన్ని అటక దించి, చింతపండుతో తోమి, ఊరికి తీసుకుపోయి బెల్లమన్నం వండేది. మిగతా రోజుల్లో దాని దగ్గరికి పోయే హక్కు ఆవిడకూ, అటక మీద తిరిగే బల్లికీ మాత్రమే ఉండేది.

నేను సర్కారు బడిలో సైన్సు చెప్పేదాన్ని. మా ఆయన ఓ ఆఫీసులో గుమాస్తా. తెలంగాణ కోసం ఊరు ఊరంతా సమ్మెకు దిగుతున్న రోజులవి. బడికి తాళం, ఆఫీసుకు తాళం. నా నోటికి ఒక్కదానికే తాళం పడలేదు. పాఠం చెప్పకుండా ఉండలేని జబ్బు నాది, క్లాసు లేకపోతే వంటింట్లో చెబుతాను. మూడు స్థితుల పాఠంలో వాయువుల గురించి ఆ ఏడు ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు, పోలీసులు వదిలిన కళ్లు మండే పొగ పీల్చి కాలేజీ పిల్లలందరూ సొంతంగా నేర్చుకున్నారు. ఇక మిగిలినవి ఘనాలూ ద్రవాలూ. వాటి దగ్గరే మా ఇంట్లో గొడవ వచ్చింది.

ఓ పొద్దున మా అత్త నెయ్యి సీసా పట్టుకుని, పేరుకోవడం లేదు గనక ఇది కల్తీదని పాలామెను నిలదీసింది. నేను మధ్యలో దూరాను. నెయ్యి ఒక్క పదార్థం కాదనీ, అందులో రకరకాల కొవ్వులు కలిసి ఉంటాయనీ, ఒకటి పేరుకునే వేళకు ఇంకొకటి పేరుకోదనీ, ఎండ పూట జారుగా ఉన్నంత మాత్రాన కల్తీ అనకూడదనీ వాకిట్లో నిలబడి విడమరిచి చెప్పాను. పాలామె చాలా శ్రద్ధగా విన్నది. మా అత్త కూడా విన్నది. విని, లోపలికి పోయి సంచి సర్దుకున్నది.

"ఇన్నేండ్లకు నెయ్యి ఏందో కోడలు కాడ నేర్సుకోవాల్నా," అన్నది కొడుకుతో. "నేను అక్క కాడికి పోతున్న. మల్ల వస్తే నా గుండిగ కోసమే వస్త. దాన్ని తీస్కపోయి ఇగ ఆడనే ఉంట."

ఆవిడ అక్క ఉండేదీ కురవిలోనే. బస్సులు సమ్మెలో ఆగిపోవడానికి ముందు కదిలిన ఆఖరి బస్సు దొరికించుకుని మరీ పోయింది.

మొదటి రోజు హాయిగానే ఉండింది. మర్నాటి నుంచి బాగా లేదు. పప్పులో ఉప్పెక్కువైందని చెప్పే మనిషి లేదు. మా ఆయన ఎంత ఉప్పయినా నోరు మూసుకుని తినే రకం. పోట్లాటకు కూడా సరిజోడు కావాలి కదా. ఆవిడ లేని ఇల్లు నాకు నచ్చలేదు, ఆ మాట మా ఆయనతో అనడానికి నామోషీగా ఉండింది. గుండిగ అటక మీద ఉన్నంత కాలం ఆవిడ ఇంకా మా ఇంటి మనిషే అని సర్దిచెప్పుకున్నాను. దాని కోసం వచ్చిన రోజున ఎలాగైనా ఆపుకోవాలి, అవసరమైతే గుండిగను దాచెయ్యాలి అని కూడా అనుకున్నాను. మా ఆయన దాన్ని తీసుకుపోయి రోడ్డు మీద పెడతాడని మాత్రం అనుకోలేదు.

అప్పట్లో మా దగ్గర నిరసన అంటే వంటావార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే విస్తర్లేసుకుని తినడం. బండ్లు ఆగిపోతాయి, ఆగిన డ్రైవర్లు కూడా వచ్చి బంతిలో కూర్చుంటారు. కోపం వచ్చినా ముందు అన్నం పెట్టే జనం మేం. ఉద్యోగుల వంటావార్పు మా ఊరి మీదుగా పోయే వరంగల్ రోడ్డు మీద అని తీర్మానించారు. పెండ్లిళ్లకు అద్దెకిచ్చే పెద్ద గిన్నెలన్నీ అప్పటికే వేరే సంఘాలవాళ్లు ఎత్తుకుపోయారు. మీటింగులో గిన్నె సంగతి ఎట్ల అని ఎవరో అడిగితే మా ఆయన లేచి నిలబడి, మా అవ్వ గుండిగ ఉన్నది అన్నాడట. చప్పట్లు కొట్టారట. ఇంటికొచ్చాక కూడా ఆయన ముఖంలో ఆ చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి.

"అత్తమ్మకు తెలిస్తే ఎట్ల?" అన్నాను.

"బస్సులు లేవు, రైళ్లు ఆగినయి. అవ్వ ఎట్లొస్తది? పొద్దుగూకేలోపు కడిగి మల్ల అటక మీద పెడుదం."

ఉద్యమం మీద అంత భరోసా పెట్టుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

పొయ్యి పెట్టాలనుకున్న చోట వానలకు గుంత పడితే, కొత్తగా తారు, మా దగ్గర డాంబర్ అంటారు, దండిగా పోసి పూడ్చారు. నల్లగా నున్నగా ఉంది. మూడు రాళ్లు తెచ్చి దాని మీదే పెట్టబోతుంటే నేను ఆపి, కింద రెండు తట్టల మట్టి పోసి పెట్టమన్నాను.

"మట్టి ఎందుకు మేడం," అన్నాడు మా బడి తెలుగు సారు. పద్యం చదివినా కూరగాయలు బేరమాడినా ఆయన గొంతు ఒకటే. "ఘనపదార్థానికి స్థిరమైన ఆకారం ఉంటదని మీరే చెప్తరు గద. రోడ్డు ఘనమా, కాదా?"

"చూడనీకి ఘనమే సార్. కానీ డాంబర్‌ను నమ్మొద్దు."

"లారీలు పోతే దిగబడని రోడ్డు గుండిగకు దిగబడుతదా?"

అందరూ నవ్వారు. నాకు మండింది. అక్కడే పాఠం మొదలుపెట్టాను. ఐసులో, ఉప్పులో కణాలు బడి ప్రార్థనలో పిల్లల్లాగా వరస తప్పకుండా నిలబడి ఉంటాయి. అందుకే ఐసు కరిగేది ఒక్క వేడి దగ్గరే, అంతవరకూ అది గట్టి పదార్థమే. డాంబర్‌లో ఆ వరస లేదు, అది బడి వదిలాక గేటు దగ్గరుండే గుంపు. ఫలానా చోట కరగాలన్న నియమం దానికి లేదు. వేడెక్కిన కొద్దీ మెత్తబడుతుంది, చల్లబడిన కొద్దీ బిగుస్తుంది. ఇంత చెప్పినా ఎవరికీ ఎక్కలేదు. "మేడం, క్లాసులు బందున్నయి. జర ఉల్లిగడ్డలు కొయ్యండి," అన్నారు. మట్టి లేకుండానే రాళ్లు పెట్టేశారు. కోపంలో కోసినందుకో ఏమో ఆ రోజు ఉల్లిగడ్డలు చాలా సన్నగా వచ్చాయి.

పొయ్యిలోకి బచ్చన్నపేట నుంచి ట్రాక్టరులో పత్తికట్టె వచ్చింది. పత్తికట్టె అంటుకుంటే మంట మన మాట వినదు. పక్క పొయ్యిల మీద ఇళ్లల్లోంచి తెచ్చిన చిన్న గిన్నెల్లో అన్నం ఉడికిపోయింది, మా గుండిగలో పప్పుచారు మరుగుతోంది. డప్పు మోగుతోంది, పాట మొదలైంది. నేను పాట మానేసి రాళ్లనే చూస్తూ కూర్చున్నాను. మొదట వెనకవైపు రాయి దిగడం మొదలైంది. ఉల్లిగడ్డల అవమానం ఇంకా మండుతోంది గనక నోరు విప్పలేదు.

గంటె తిప్పుతున్న తెలుగు సారు, "గుండిగ వంగుతున్నదేంది," అన్నాడు.

"రోడ్డు ఘనం సార్, వంగదు," అన్నాను తీరిగ్గా.

అలా అన్నాక గుర్తొచ్చింది అది మా అత్త గుండిగ అని.

లేచి ఉరికేసరికి రాయి పూర్తిగా దిగబడింది. గుండిగ పక్కకు ఒరిగి మెత్తబడ్డ డాంబర్‌లో కూలబడింది. సగం చారు మంట మీద పడి బుస్సుమన్నది, మంట ఆరిపోయింది. చారుతో తడిసిన డాంబర్ చల్లబడి బిగుసుకుంది. తెలుగు సారు లాగాడు, మా ఆయన లాగాడు, లారీ దిగి వచ్చిన డ్రైవరొకాయన లాగాడు. గుండిగ జరగలేదు. రోడ్డు దాన్ని గట్టిగా పట్టుకుంది.

మిగిలిన చారును అందులోంచే తోడి వడ్డించారు. భోజనాలయ్యాక పోలీసులొచ్చి రోడ్డు ఖాళీ చెయ్యమన్నారు. అందరం లేచాం, గుండిగ లేవలేదు.

"గిది తియ్యండి," అన్నాడు కానిస్టేబులు.

"వస్తలేదన్నా," అన్నాడు మా ఆయన.

ఇదేదో కొత్త రకం నిరసన అనుకున్నాడో ఏమో, ఆయన లాఠీ పక్కన పెట్టి తనే వంగి లాగాడు. తర్వాత టోపీ కూడా పక్కన పెట్టి లాగాడు. రెండు వైపులా లారీల వరస పెరిగిపోయింది. ఆ రోజు జనగామలో రోడ్డు అంతసేపు బందు కావడం గురించి మా నాయకులు తర్వాత చాలా సభల్లో గొప్పగా చెప్పుకున్నారు. నిజానికి అది మా అత్త గుండిగ ఘనకార్యం.

"ఎవలది మేడం గీ గుండిగ?" అన్నాడు కానిస్టేబులు చెమట తుడుచుకుంటూ.

"మా అత్తమ్మది. అడగకుండ తెచ్చినం."

ఆయన నన్ను చాలా జాలిగా చూశాడు. "మాది చెల్పూరు. మా అవ్వ కాడ గూడ గిసొంటిది ఉన్నది. దానికి గిట్లయితే నేను ఇంటి మొకమే చూడ."

మళ్లీ వేడి చేస్తే తప్ప రాదని నేనంటే ఈసారి ఎవరూ నవ్వలేదు. చుట్టూ నిప్పులు పోసి, డాంబర్ మెత్తబడ్డాక గడ్డపారతో మెల్లిగా పైకి లేపారు. గుండిగ వచ్చింది. దాన్ని అంటుకుని జొన్నరొట్టె మందాన రోడ్డు కూడా వచ్చింది, కంకరతో సహా.

ఇంటికి తెచ్చి బోర్లించాం. మా ఆయన కత్తి తీసుకొచ్చాడు, ఇత్తడి మీద గీతలు పడతాయని గుంజుకున్నాను. నేను చూడకుండా బోర్లాగానే పొయ్యి మీద పెట్టి కాచాడు. డాంబర్ కరిగి, అంతవరకూ శుభ్రంగా ఉన్న పక్కల మీదుగా అంచు దాకా పాకింది. పక్కింటామె గ్యాసునూనె రుద్దమంది. కరెంటు లేని పూటల దీపాలకని దాచిన కిరోసిన్ అది, అంతా అయిపోయింది. పక్కల నలుపు పోయింది గానీ అంచు కింద కొంచెం మిగిలింది, అడుగున రొట్టె అలాగే ఉంది, పైగా ఇల్లంతా కంపు. ఆ కంపు పోవడానికి గుండిగను సీకాయతో తోముతుంటే ఫోను మోగింది.

"అవ్వ," అన్నాడు మా ఆయన ఫోను పెట్టేసి. ముఖంలో చప్పట్లన్నీ ఆగిపోయాయి. "ఏదన్న బండి దొరికితే వస్తదంట."

నాకు నిజంగా భయం వేసింది. గుండిగ కోసమే వస్తానన్న మనిషి. బాగుంటే పట్టుకుపోతుంది, పాడైతే ఇక ఈ గడపే తొక్కదు. బాగున్నప్పుడైతే కనీసం బతిమాలుకోవచ్చు.

వేడికి లొంగనిది చలికి లొంగాలని అప్పుడు తట్టింది. డాంబర్ చల్లబడిన కొద్దీ గట్టిపడుతుంది, కానీ గట్టిపడిన కొద్దీ పెళుసు కూడా అవుతుంది. బాగా చల్లబరిచి కొడితే పగలాలి. అంటే ఐసు కావాలి. మా ఇంట్లో ఫ్రిజ్జు ఉంది, అందులో ఆ రోజుల్లో బట్టలు పెట్టుకున్నా నష్టం లేదు, కరెంటు అంత ఘనంగా ఉండేది. ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ కూడా మూతపడింది. కరెంటు లేకపోవడానికి కారణం బొగ్గు కదలకపోవడం. బొగ్గు కదలకపోవడానికి కారణం మా ఇంటివాడే. మా మరిది భూపాలపల్లిలో బొగ్గుబాయి పని చేసేవాడు, వాళ్లదీ సమ్మే. ఫోను చేసి సంగతంతా చెప్పాను.

"మీ అవ్వ గుండిగ కోసం ఒక్క తట్ట బొగ్గు తియ్యి మరిదీ," అన్నాను.

"వదినా, తెలంగాణ వచ్చేదాంక బొగ్గు పెళ్ల కదలది," అన్నాడు గంభీరంగా. మళ్లీ తనే, "అవ్వకు నేను చెప్పను తియ్యి. నువ్వు గూడ నా పేరు తియ్యకు," అన్నాడు.

చివరికి మా వీధి మొదట్లో కుల్ఫీ అమ్మే చాచా దగ్గరికి పోయాను. ఎప్పుడో కరెంటు ఉన్న పూట తెచ్చిన ఐసు దిమ్మను ఊకలో పూడ్చి, మీద గోనెసంచులు కప్పి, పక్కన మంచం వేసుకుని కాపలా కాస్తున్నాడు.

"బరఫ్ కాయ్కు బేటీ?" ఐసు ఎందుకని అనుమానంగా అడిగాడు.

"గుండిగకు చాచా."

"గుండిగకు జ్వరం వచ్చిందా?"

కథంతా చెబితే తప్ప ఇవ్వనన్నాడు. చెప్పాను. నవ్వీ నవ్వీ ఆయనకు పొలమారింది. ఎవ్వరికీ చెప్పనని ఒట్టు పెట్టి, సగం దిమ్మ పగలగొట్టి ఇచ్చాడు. నేను ఇల్లు చేరేలోపల వీధిలో ముగ్గురు నన్ను, గుండిగకు ఇప్పుడెట్లున్నదని అడిగారు.

గుండిగను బోర్లించి, డాంబర్ మీద ఐసు ముక్కలు పేర్చి, ఉప్పు చల్లి, గోనె కప్పాం. ఉప్పు కలిస్తే ఐసు ఉత్త ఐసుకంటే చల్లబడుతుంది, కుల్ఫీ గడ్డకట్టేది ఆ చలికే. కాసేపయ్యాక గోనె తీసి చపాతీ కర్రతో ఒక్కటి వేశాను. డాంబర్ టప్పున పగిలి పల్లిపట్టీలాగా ముక్కలై ఊడింది. రెండోది మా ఆయన వేశాడు. అంచుకు దగ్గరపడేసరికి ఐసు నీళ్లయిపోయింది. ఇక చాల్లే అనుకుని చింతపండుతో తోమి, అటక మీద పెట్టి, ధోవతి గుడ్డ కప్పి, ఇద్దరం చెరో కుర్చీలో కూలబడ్డాం.

మా అత్త మర్నాడు మధ్యాహ్నం ఉల్లిగడ్డల వ్యానులో వచ్చింది. మనిషికంటే ముందు వాసన వచ్చింది. చేతిలో పెద్ద గోనె మూట. అటక వైపు చూడలేదు, కొడుకు వైపు చూడలేదు. నేనిచ్చిన నీళ్లు తాగి, మూట నా ముందుకు నెట్టింది.

"విప్పు," అన్నది.

విప్పాను. లోపల ఇంకో ఇత్తడి గుండిగ ఉంది, మాదానికంటే కొంచెం చిన్నది. బోర్లిస్తే అడుగున జొన్నరొట్టె మందాన డాంబర్, కంకరతో సహా.

"మా అక్కది," అన్నది మా అత్త గోడకేసి చూస్తూ. "కురవి రోడ్డు మీద ఆడోళ్లం వంటావార్పు పెట్టినం. అక్క పొలం కాడికి పోయింది, అడగకుండ తీస్కపోయిన. మట్టి పొయ్యాలె అని ఒకామె చెప్పింది. రోడ్డు రాయి లెక్కున్నది, మట్టి ఎందుకని నేనే అన్న. గింత దిగబడ్డది." నెయ్యి సంగతి గుర్తొచ్చినట్టుంది, గొంతు తగ్గించింది. "నువ్వు సైన్సు చెప్తవు గద. గిది ఎట్ల పోతదో చెప్పు. అక్కకు తెలిస్తే నన్ను గడప తొక్కనియ్యది."

మా ఆయన దగ్గుతూ పెరట్లోకి పోయాడు. నాకు నవ్వు ఆగడం లేదు, ఏడుపు కూడా వచ్చేటట్టుంది. రెండూ మింగి గబగబా చెప్పేశాను. కాగబెట్టొద్దు, పక్కలకు పాకుతది. కత్తి పెట్టొద్దు, గీతలు పడతయి. గ్యాసునూనె వద్దు, కంపు పోవాల్నంటే సీకాయ మొత్తం అయిపోతది. ఐసు పెట్టి ఉప్పు చల్లాలె, గోనె కప్పాలె, చపాతీ కర్రతోని కొట్టాలె.

మా అత్త నావైపు తిరిగింది. "కండ్లతోని చూసినట్టే చెప్తున్నవు."

నా నోటికి ఆ క్షణంలో తాళం పడింది. ఆవిడ మెల్లగా లేచి, స్టూలు ఎక్కి, తన గుండిగను దించుకున్నది. ధోవతి గుడ్డ తీసి వాసన చూసింది. లోపల చూసింది, బయట చూసింది. బొటనవేలితో అంచు కింద తడుముతూ పోయి ఒక చోట ఆగింది. అక్కడ కందిగింజంత డాంబర్ మిగిలిపోయింది. మధ్యాహ్నపు వేడికి మెత్తబడిందేమో, ఆవిడ గోరుతో నొక్కితే నొక్కుకుపోయింది.

ఆ గోటినీ నన్నూ మార్చి మార్చి చూసింది.

"ఐసు తక్వ తెచ్చినట్టున్నవు," అన్నది చివరికి. "ఈసారి రెంటికి సరిపోను తే."

నేను సంచి పట్టుకుని ఉరికాను. చాచా నన్ను చూడగానే ఏమీ అడక్కుండా మంచం మీద నుంచి లేచి ఊక తవ్వడం మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం వాకిట్లో రెండు గుండిగలూ బోర్లించుకుని, నేనూ మా అత్తా ఎదురెదురుగా కూర్చున్నాం. నేను మెత్తగా కొడుతున్నానని తిట్టి, కొట్టడం ఆవిడే కొట్టింది. డాంబర్ ఎందుకు పగులుతుందో చెప్పమంటే చెప్పాను, ఈసారి చివరిదాకా విన్నది. చీకటి పడేముందు అక్క గుండిగను తుడిచి గోనెలో కట్టింది. తన గుండిగను తన చేత్తోనే మళ్లీ అటక మీద పెట్టి, ధోవతి గుడ్డ కప్పి, పప్పులో ఉప్పు ఎంత వేశావని నన్ను అడిగింది.